గుండ్రం లోపలి పేట

మా మేడమ్ పోయారు. టెక్కలి బస్టాండులో పలాస బస్సు కోసం నిలబడి ఉండగా ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోనాదమ్మా. విశాఖపట్నం నుంచి తీసుకొచ్చెత్తన్నాం. రేపు ఉదయం మనూర్లోనే భూస్థాపన. మీవోళ్ళకి నువ్వే సెప్పాల" అన్నాడు. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉన్నారని తెలుసు. కోలుకుంటున్నారని కూడా ఎవరో చెబితే నమ్మాను. బస్సు వచ్చింది, ఎక్కాను. ఎక్కడికని కండక్టరు రెండోసారి అడిగాక టికెట్టు తీసుకున్నాను.

మీవోళ్ళు అంటే ఆవిడ దగ్గర కంప్యూటర్లో మ్యాపులు గీయడం నేర్చుకున్న పిడికెడు మందిమి. ఒకరు హైదరాబాదులో ఉన్నారు, ఒకరు విశాఖపట్నంలో, ఒకడు మ్యాపులు మానేసి జీడిపప్పు వ్యాపారంలో దిగాడు. అందరికీ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. మర్నాడు అక్కడికి వెళ్ళింది మాత్రం నేనొక్కదాన్నే. ఎవరి ఇబ్బందులు వాళ్ళకుంటాయి, నేనెవరినీ తప్పుపట్టడం లేదు అని రాయడం మర్యాద. కానీ పట్టాను. ఇంకా పడుతూనే ఉన్నాను.

ఆవిడ గురించి పేపర్లో నాలుగు లైన్లు కూడా రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. పొగడ్తలుంటాయని ఎదురుచూడకండి. ఎవరైనా పొగిడితే ఆవిడకి ఒళ్ళు మండేది. పొగిడేవాడు రెండో మాటలో ఏదో అడుగుతాడని ఆవిడ నమ్మకం, చాలాసార్లు అదే నిజమయ్యేది.

మేడమ్ మొదట టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో జాగ్రఫీ లెక్చరరు. తొంభైల చివరికొచ్చేసరికి పిల్లలంతా కంప్యూటర్ల వెంట పడ్డారు. జాగ్రఫీ చదివితే ఏ ఉద్యోగమొస్తుందని అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర జవాబు లేకపోయింది. ఒక ఏడాది ఆ గ్రూపులో ఎవరూ చేరలేదు, కాలేజీవాళ్ళు గ్రూపే ఎత్తేశారు. ఇంకొకరైతే ఇంట్లో కూర్చుని ట్యూషన్లు చెప్పుకునేవారు. ఆవిడ విశాఖపట్నం వెళ్ళి, తన కంటే సగం వయసున్న కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని జీఐఎస్ నేర్చుకొచ్చారు. అంటే మ్యాపుని కంప్యూటర్లోకి ఎక్కించి, ఊళ్ళు ఒక పొర, రోడ్లు ఒక పొర, నీళ్ళు ఒక పొరగా విడదీసి, మళ్ళీ ఒకదాని మీద ఒకటి పరిచి కావలసిన లెక్క తీసే విద్య. కంప్యూటరుంటే చాలదు, భూమి కూడా తెలిసుండాలి. రెండూ తెలిసినవాళ్ళు మా వైపు అప్పట్లో ఆవిడ ఒక్కరే.

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు షావుకారు కొట్టు మీద గది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టారు. జీడిపప్పు కమ్మగా వేగుతుంటే పని చేసుకోవడం ఎంత బాగుంటుందో అని దూరపువాళ్ళు అనుకుంటారు. పిక్కలు కాల్చిన పొగ ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు. కళ్ళు మండేవి, గొంతు పట్టేసేది, కిటికీ మూస్తే కంప్యూటరు వేడెక్కేది. బోర్డు చూసి మొదట్లో వచ్చినవాళ్ళలో సగం మంది ఇంటి ప్లాను గీయమనేవారు. ఒకాయన ఎంసెట్ రిజల్టు చూసిపెట్టమన్నాడు. ఇంటి ప్లానులవాళ్ళని మేడమ్ మెట్ల దాకా సాగనంపి, ఎంసెట్ ఆయనకి మాత్రం ఓపిగ్గా రిజల్టు చూసిపెట్టారు. పిల్లవాడు తప్పాడు. ఆ మాట తండ్రికి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఎంత మెత్తగా మారిందో చూసి, ఈవిడ పైకి కనబడేంత కఠినం కాదని అనుకున్నాను. తర్వాత నా పనిలో తప్పు దొరికిన రోజు ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

పాఠం మొదలెట్టడం కంప్యూటరు దగ్గర కాదు, కిటికీ దగ్గర. ఒక ట్రేసింగ్ కాగితం మీద ఊరి హద్దులు, ఇంకోదాని మీద గెడ్డలు, అంటే చిన్న వాగులు, గీయించి, రెండిటినీ కిటికీ అద్దానికి ఆనించి ఎండ వెలుతుర్లో చూడమనేవారు. కంప్యూటరు చేసేదీ ఇంతేనని, కాకపోతే దానికి చేతులు నొప్పెట్టవని చెప్పేవారు. రెండు ఊళ్ళ హద్దులు విడివిడిగా గీస్తే, కలిసే చోట గీతలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడవు. మధ్యలో సన్నటి పేలికలాంటి ముక్క మిగిలిపోతుంది, దాన్ని వెతికి తీసెయ్యాలి. ఈ ముక్క ఏ ఊరిది మేడమ్ అని ఒకసారి అడిగాను. "ఏ ఊరిదీ కాదు. అందల కొబ్బరిచెట్టుంటే మట్టుకు ఇద్దరు అన్నదమ్ములు కోర్టులో ఉంటారు" అన్నారు. మాలో ఒకడు రెండు రకాల కొలతల్లో ఉన్న మ్యాపుల్ని సరిచేయకుండా కలిపేస్తే కవిటి ఊరు ఊరంతా కొబ్బరితోటలతో సహా సముద్రంలోకి జరిగింది. వాణ్ణి తిట్టలేదు. ఆ పని తుఫానుకి వదిలెయ్ నాయనా అన్నారంతే. వాడే ఇప్పుడు జీడిపప్పు వ్యాపారి.

అప్పటి కంప్యూటర్లలో మ్యాపు ఒక్కసారిగా కనబడేది కాదు. తెర మీద గీత తర్వాత గీత పడుతుంటే కూర్చుని చూడాలి. ఆ సమయమంతా మేడమ్ ఏదో ఒక కీర్తన కూనిరాగం తీసేవారు. ఆఖరి గీత పడగానే చరణం సగంలో ఉన్నా సరే ఆపేసి పనిలో పడేవారు. ఆవిడ బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగారు, ఆదివారం గుడి మానలేదు. దేవుడి కోసమైనా పని ఆపేవారు కారుగానీ, పని ఆగినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకునేవారు.

ఇక చేదు సంగతికి వస్తాను. మిగతాదంతా దీని చుట్టూ తిరిగినదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా తీరంలోని ఉద్దానం ఊళ్ళకి మంచినీళ్ళ పైపులు వేసే పథకం ఒకటి మొదలైంది. ముందు ఏ పేటలకి వెయ్యాలో తేల్చే మ్యాపు పని మేడమ్‌కి వచ్చింది. నియమం తేలికైనదే. మంచినీళ్ళ ట్యాంకు నుంచి మైలు దూరం దాటి ఉన్న పేటలు ఎరుపు, వాటికి ముందు పైపు. మైలు లోపల ఉన్నవి పచ్చ. వాటికి నీళ్ళు ఉన్నట్టే లెక్క. ఇలాంటి పనికి మా విద్యలో బఫర్ అని ఒక సాధనం ఉంది. ట్యాంకుని చుక్కగా పెట్టి, ఇంత దూరమని చెబితే చుట్టూ గుండ్రం గీసిపెడుతుంది. గుండ్రంలో పడ్డ పేటలేవో, పడనివేవో ఇంకో మీట నొక్కితే విడదీస్తుంది. చేత్తో చేస్తే నెలలు పట్టేది, మేము టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. మేడమ్ మొహం ఆ రోజు వెలిగిపోయింది. జాగ్రఫీ ఎందుకు పనికొస్తుందని అడిగినవాళ్ళందరికీ అది జవాబని అనుకున్నారు. మేమూ అనుకున్నాం.

ప్రింటు తీసే ముందు ఒక పని చేశారు. మ్యాపులో ప్రతి పొర పక్కనా చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే ఆ పొర కనబడుతుంది, తీస్తే మాయమవుతుంది. మ్యాపు గజిబిజిగా ఉంటే పథకం చూసే నీళ్ళ ఆఫీసు ఇంజనీరు గారు చూడరని, గెడ్డలు, తంపర, తోటలు అన్నిటికీ టిక్కులు తీసేశారు. తంపర అంటే మా తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళు నిలిచే పల్లపు బురద నేల. ప్రింటు అందంగా వచ్చింది. తెల్లటి కాగితం మీద ఎరుపు చుక్కలు, పచ్చ చుక్కలు, గుండ్రాలు. ఇంజనీరు గారు దాన్ని అద్దం కట్టించి ఆఫీసు గోడకి పెట్టించారు.

ఆ గుండ్రాల్లో ఒకటి మేడమ్ సొంతూరి ట్యాంకు చుట్టూ ఉన్నది. అక్కుపల్లి వైపు సముద్రానికి దగ్గర్లో ఉంటుంది ఆ ఊరు. ఊరికి ఎదురుగా తంపర, తంపరకి అటువైపు ఒక చిన్న పేట. ఊళ్ళోవాళ్ళు దాన్ని అవతలపేట అంటారు. చిన్నప్పట్నుంచి మేడమ్ గుమ్మంలో నిలబడితే ఆ పేట కనబడుతూనే ఉండేది.

కొన్ని నెలలకి అవతలపేట నుంచి దాలమ్మ అనే ఆవిడ కాశీబుగ్గ వెతుక్కుంటూ వచ్చింది. భర్తకి కిడ్నీలు చెడిపోయాయి. పేటలో బావి నీళ్ళు తాగొద్దని డాక్టరు చెప్పాడు, ట్యాంకు నీళ్ళు మోసుకొచ్చి పోస్తోంది. చుట్టుపక్కల పేటలకి పైపులు పడుతున్నాయి, తమకి లేదు. ఎందుకని ఆఫీసులో అడిగితే మీ పేట పచ్చరంగులో ఉందన్నారట. మా ఊరి అమ్మాయే ఆ రంగులేసిందంటే ఏమిటో కనుక్కుందామని వచ్చింది. గొడవకి రాలేదు. ఆవిడ మొహంలో చుట్టరికమే ఉంది తప్ప కోపం లేదు.

మేడమ్ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మ్యాపు తెరిచారు. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పడం మొదలెట్టారు. ఇదిగో మనూరు ట్యాంకు, ఇదిగో మీ పేట, ఇక్కణ్ణుంచి ఇక్కడికి మైలు కంటే తక్కువ, అందుకని మీరు లోపల ఉన్నారు. మౌసు బాణం ట్యాంకు నుంచి పేటకి తిన్నగా వెళ్తూ మధ్యలో ఆగిపోయింది. ఆవిడ మాట కూడా ఆగింది. తంపర పొర పక్కన ఉన్న గడిలో టిక్కు పెట్టారు. నీలం రంగు మెల్లగా పైనుంచి కిందకి దిగుతూ ఊరికీ పేటకీ మధ్య పరుచుకుంది. మేడమ్ కూనిరాగం తీయలేదు.

దాలమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఏటైనాదమ్మా అని నన్నడిగింది. గుండ్రం కాకి ఎగిరే దూరాన్ని లెక్కేస్తుంది. తంపర మీద కాకి ఎగరగలదు. బిందె మోసే మనిషి పేట నుంచి లోపలి రోడ్డెక్కి, వంతెన దాకా వెళ్ళి, వంతెన దాటి, మళ్ళీ ఊరి వైపు రావాలి. ఈ సంగతి ఆ గదిలో అందరి కంటే బాగా తెలిసినావిడే గుండ్రం గీశారు. తెలియక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు. చిన్నతనంలో తంపరలో కాలు దిగబడి తండ్రి చేత దెబ్బలు తిన్న మనిషి, మ్యాపు శుభ్రంగా కనబడాలని దాన్ని తీసి పక్కన పెట్టారు.

"తప్పు నాది దాలమ్మా. నానే దిద్దుతాను" అన్నారు మేడమ్. అంత మాట ఆవిడ నోట అంతకు ముందు నేను వినలేదు. దిద్దగలనని నమ్మే అన్నారు.

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని అవతలపేట వెళ్ళారు. విశాఖపట్నంలో తనకి పాఠం చెప్పిన ప్రొఫెసర్ని బతిమాలి, మనం నడిచిన దారిని ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో గుర్తుపెట్టుకునే చేతి యంత్రం ఒకటి అడిగి తెచ్చారు. పేట ఆడవాళ్ళు పొద్దున్నే నీళ్ళకి బయలుదేరితే మేమూ వాళ్ళతో నడిచాం. వచ్చేటప్పుడు మేడమ్ కూడా ఒక బిందె ఎత్తుకున్నారు. వద్దమ్మా, నీకలవాటు లేదని వాళ్ళన్నా వినలేదు. వంతెన దగ్గరికొచ్చేసరికి చీర సగం తడిసిపోయింది, మొహం ఎర్రబడింది, అయినా దించలేదు. వాళ్ళు దించినప్పుడే దించారు. నడుస్తూ నడుస్తూ వెనక ఒకావిడ, ఈమేనేటి మన గీతలమ్మ అని పక్కావిడతో అనడం నాకు వినబడింది. మేడమ్‌కీ వినబడే ఉంటుంది.

మర్నాడు ఆ యంత్రంలోని దారిని కంప్యూటర్లోకి ఎక్కించాం. మెలికలు తిరిగిన గీత ఒకటి వచ్చింది, నడుమ నడుమ ముళ్ళు పడ్డట్టు ఉంది. మనిషి నడుస్తుంటే యంత్రం గీత గీస్తుంది. ఒకచోట ఆగితే, ఆగిన చోటే అటూ ఇటూ తడుముకుని చుక్కలన్నీ కుప్పపోస్తుంది. అలాంటి కుప్పల్ని తుడిచెయ్యాలని మాకు నేర్పింది ఆవిడే. తుడవబోతే చెయ్యి పట్టుకున్నారు. "అది ఉంచవే. ఆళ్ళు బిందెలు దింపుకున్న సోటది" అన్నారు. ఆ తర్వాత ఏ కొత్త విద్యార్థి వచ్చినా ముందు మాట ఒకటే చెప్పేవారు: దారి అడగనివాడు దూరం చెప్పకూడదు. అప్పటిదాకా ఆ మాట ఆవిడ పాఠంలో లేదు.

కొత్త మ్యాపు పట్టుకుని ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మర్యాదస్థుడు. మాకు టీ తెప్పించారు. దారి దూరం ప్రకారం అవతలపేట మైలుకి మూడింతలు దాటి ఉందని మేడమ్ చూపించారు. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, గోడ మీదున్న అద్దం మ్యాపు వైపు చూపించారు.

"అదీ మీరే గీశారు, ఇదీ మీరే గీశారు. నేను పైవాళ్ళకి ఏది నమ్మమని చెప్పనమ్మా?"

మేడమ్ మొదటిది తప్పని చెప్పారు. దాన్ని బట్టే పనులు మంజూరైపోయాయని ఆయనన్నారు. ఈ ఒక్క పేటా మార్చండి చాలు అని మేడమ్ అడిగారు. ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, అందులో దుర్మార్గం లేదు, అలవాటు ఉంది. ఒక్క పేటకి దారి లెక్క వేస్తే అన్ని పేటలకీ వెయ్యాలని, అలా వేస్తే తీరమంతా ఎర్రబడిపోతుందని, ఎర్రగా ఉన్న మ్యాపు ఎవరికి కావాలని అడిగారు. తీరం ఎర్రగా ఉంటే ఎర్రగానే చూపించాలి కదా అని నాకనిపించింది. మేడమ్ కొత్త మ్యాపు చుట్టుకుని లేచారు. టీ ముట్టుకోలేదు.

అలా లేచి రావడం ఒప్పుకోలు కాదు. ఇంటికొచ్చి అదే పని మొదలెట్టారు. అన్ని పేటలకీ దారి లెక్క. గెడ్డలు, తంపరలు, వంతెనలు, కాలిబాటలు, రైలు కట్ట దాటే చోట్లు, ఒక్కొక్కటీ నడిచి, అడిగి, గీసి. ఎవరూ ఇమ్మనలేదు, ఎవరూ తీసుకుంటామనలేదు. ఏడాది పైన పట్టింది. ఈలోగా వచ్చే పనులు తగ్గిపోయాయి. ఆఫీసుల్లో ఆవిణ్ణి చూస్తే పాత తగాదా నడిచొస్తున్నట్టు మొహాలు పెట్టేవారు. మాలో కొందరం వేరే ఉద్యోగాలు వెతుక్కున్నాం, నేనూ టెక్కలిలో చేరాను. ఆ మ్యాపు పూర్తయింది. ఇంజనీరు గారు చెప్పింది నిజమే, తీరమంతా ఎర్రగా వచ్చింది. దాని కాపీలు ఆఫీసుల్లో ఇచ్చారు. ఒక్కచోట నుంచీ జవాబు రాలేదు.

పాత మ్యాపు మాత్రం ఊరుకోలేదు. కాగితం మీది తప్పు చెదలు తినైనా పోతుంది. కంప్యూటర్లోది కాపీ అవుతూ పోతుంది. నీళ్ళ ఆఫీసు నుంచి రోడ్ల ఆఫీసుకి, అక్కణ్ణుంచి ఇంకో శాఖకి, ఒకరి ఫైలు మీద ఒకరు కొత్త పొరలు పరుచుకుంటూ వెళ్ళారు. కొన్నేళ్ళ తర్వాత హైదరాబాదు కంపెనీ కుర్రాడొకడు మేడమ్ దగ్గరికి ఊళ్ళ హద్దుల కోసం వచ్చాడు. కిడ్నీ జబ్బుల పరిశీలనకి నీళ్ళ నమూనాలు ఎక్కడెక్కడ పట్టాలో మ్యాపు చేస్తున్నాడట. తెరిచి చూపిస్తే అందులో అవతలపేట పచ్చగా ఉంది. మేడమ్ అప్పట్లో ఎంచుకున్న పచ్చే. పచ్చ పేటల్లో సురక్షితమైన నీరు ఉన్నట్టే కాబట్టి అక్కడ పరీక్ష అక్కర్లేదని ఆ కుర్రాడు చెప్పాడు. మేడమ్ వాడికి తన కొత్త మ్యాపు చూపించి, కూర్చోబెట్టి గంటలకొద్దీ వివరించారు. వాడు బుద్ధిమంతుడు, అంతా రాసుకున్నాడు. పైన చెబుతానన్నాడు. చెప్పాడో లేదో తెలియదు. ఆ పేటకి మాత్రం ఎవరూ రాలేదు.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీళ్ళ వల్లేనని తేల్చలేదు, కాదనీ తేల్చలేదు. నేను కొత్తగా తేల్చబోవడం లేదు. తేల్చడానికి సీసాలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆ పేట పొలిమేరకైనా వెళ్ళలేదని మాత్రం చెబుతున్నాను. దాలమ్మ భర్త ఆ కుర్రాడు వచ్చిన ఏడే పోయాడు. మేడమ్ పలకరించడానికి వెళ్ళొచ్చారు. వాళ్ళేమన్నారని అడిగితే, ఏమీ అనలేదు, మునగాకు కోసిచ్చారు అన్నారు. అది చెప్పి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడకి అనిపించిందని నా అనుమానం.

చివరి రోజుల్లో కాశీబుగ్గ గది ఖాళీ చేసి కంప్యూటరు సొంతూరికి తీసుకెళ్ళిపోయారు. వెళ్ళి చూసినప్పుడల్లా ఏదో ఒక పేట దారి సరిదిద్దుతూ కనబడేవారు. ఎక్కడో కొత్తగా కల్వర్టు పడితే వెళ్ళి చూసొచ్చేవారు. ఎవరి కోసం మేడమ్ ఇదంతా, ఇక వదిలెయ్యండి అని ఒకసారి విసుక్కున్నాను. "నా గుండ్రంలో ఆళ్ళున్నంత కాలం నానూ అందలే ఉంటానే. ఆళ్ళు బైటకి రాకుండా నానెక్కడికి ఎల్తాను" అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే పడిపోయారు. పేట ఇంకా లోపలే ఉంది.

భూస్థాపన రోజు వాన వెలిసి ఉంది. వానలు పడి తంపర నిండుగా ఉంది. పొద్దున్నే పెట్టె ఊరి గుళ్ళోకి తేగానే చావు గంట కొట్టారు. ప్రార్థన తర్వాత నాలుగు మాటలు మాట్లాడమంటే, ఉద్యోగం నుంచి రిటైరై పలాసలోనే స్థిరపడ్డ ఇంజనీరు గారు లేచారు. ఆయన రావడం మంచిదే. గొంతు నిజంగానే బొంగురుపోయింది. ఆవిడ లాంటి పనిమంతురాల్ని తన సర్వీసులో చూడలేదన్నారు. తమ ఆఫీసుకి కంప్యూటర్లు రాని రోజుల్లోనే ఎంత అందమైన మ్యాపు చేసిచ్చారో చెప్పారు. "ఈ రోజుకీ మా ఆఫీసులో ఏ పని మొదలెట్టినా ఆవిడ గీసిన ఆ మ్యాపే ఆధారం" అన్నారు. గుళ్ళో అందరూ తలలూపారు. మేడమ్ తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను లేచి ఏదో ఒకటి అనాలనుకున్నాను. చావు దగ్గర పెద్దమనిషి కంటతడితో మాట్లాడుతుంటే ఏమని అంటాం? పెట్టెలో ఉన్న మనిషి లేచి అనగలిగితే అనేవారు. నేను ఊరుకున్నాను.

ఊరి చివర తంపర ఒడ్డునే వాళ్ళ సమాధుల తోట. ఇసుక నేల, నాలుగు జీడిమామిడి చెట్లు. మళ్ళీ వాన పట్టేలా ఉందని తొందర పెట్టారు. పెట్టె దించారు, తలా పిడికెడు ఇసుక వేశారు, పాస్టరు గారు ఆఖరి ప్రార్థన చేశారు. పూడ్చడం అయిపోయి, జనం పల్చబడి, ఇంజనీరు గారి కారు కూడా వెళ్ళిపోయాక అవతలపేట ఆడవాళ్ళు వచ్చారు. ముందు దాలమ్మ, వెనక మిగిలినవాళ్ళు. మోకాళ్ళ దాకా బురద, రొప్పుతున్నారు.

ఇంత ఆలస్యం చేశారేమిటమ్మా, ఇప్పుడే అంతా అయిపోయింది అన్నారు పాస్టరు గారు, నొచ్చుకుంటూ.

"గంట ఇన్న ఎంటనే బయలెల్లినాం బాబూ. సుట్టూ తిరిగి రావాల గదా" అంది దాలమ్మ.

నిష్ఠూరంగా అనలేదు. అడిగితే చెప్పిందంతే. గంట మోత తంపర మీదుగా తిన్నగా వాళ్ళ పేటకి వెళ్ళింది. విన్నవాళ్ళు వంతెన మీదుగా వచ్చారు. ఆ మధ్యలో మేం మట్టి కప్పేశాం.

వాళ్ళు కొత్త ఇసుక చుట్టూ కూర్చున్నారు. ఒకావిడ ఎగుడుదిగుడుగా ఉన్న చోట చేత్తో సర్దింది. ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఎదురుగా నీళ్ళకి అటువైపు వాళ్ళ పేట కనబడుతోంది. దండెం మీద ఆరేసిన చీరల్లో ఏది ఎరుపో ఏది పసుపో తెలిసేంత దగ్గర. చినుకులు మొదలయ్యాయి. దాలమ్మ ఆ చీరల వైపు ఒకసారి చూసి లేచింది, మిగిలినవాళ్ళూ లేచారు. చీరలకి అంటిన ఇసుక దులుపుకుని, ఇంటికి వెళ్ళడానికి తమ పేటకి వీపు పెట్టి, వంతెన వైపు నడక మొదలుపెట్టారు.